అండమాన్ గ్యాస్, నీ ప్లాటు అడ్వాన్సు

కాశీబుగ్గ

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ ఆశీస్సులు. ప్లాటు అడ్వాన్సుకని దాచిన డబ్బు ఆయిల్ ఇండియా షేర్లలో పెట్టి, అండమాన్‌లో ఇంకో మంచి కబురు రాగానే అమ్మేస్తానని నాన్నతో అన్నావట. ఆయన ఎప్పటిలాగే "మీ అమ్మనడుగు" అని తప్పించుకున్నారు. ఫోన్లో అయితే మధ్యలో అడ్డొస్తావు, అందుకే రాస్తున్నాను.

కబురు నేనూ చదివాను. 2025 సెప్టెంబరులో పెట్రోలియం మంత్రి చెప్పిన, అండమాన్ సముద్రంలో ఆయిల్ ఇండియా తవ్విన బావి పేరు శ్రీ విజయపురం-2. ఒడ్డుకు 17 కిలోమీటర్ల దూరం, అక్కడ నీటి లోతు 295 మీటర్లు. 2,200 మీటర్లు దాటిన చోట పరీక్ష చేస్తే గ్యాస్ తగిలింది. మంట వచ్చింది, కాకపోతే ఆగి ఆగి వచ్చింది. నమూనాలు ఓడలో కాకినాడ తెచ్చి చూస్తే 87 శాతం మీథేన్. మంచి గ్యాసే. అయితే ఎంత ఉంది, తీస్తే గిట్టుతుందా అనేది రాబోయే నెలల్లో తేల్చాలని కూడా అదే ప్రకటనలో ఉంది. నీ స్నేహితుడు పంపిన మెసేజ్‌లో ఈ ముక్క లేదు. టార్గెట్ ధర మాత్రం ఉంది.

మన ఉద్దానంలో పూత చూసి జీడితోటల కాపు కొనేవాళ్ళను చూస్తూనే పెరిగావు. పూతకీ పిక్కకీ మధ్య మంచు ఉంటుంది, టీ దోమ పురుగు ఉంటుంది. 2018లో తిత్లీ తుపాను వచ్చి తోటలకు తోటలనే పడుకోబెట్టింది. అందుకే తెలిసిన వ్యాపారి డబ్బంతా ఒక్క తోట మీద పెట్టడు. నువ్వు పెడతానంటున్నది ఒక్క తోట పూత మీద.

సముద్రంలో ఇది ఇంకా నెమ్మది. ముందు శబ్ద తరంగాలు పంపి అడుగున రాతి పొరల బొమ్మ గీస్తారు. ఆ బొమ్మ నచ్చితే రిగ్గు, అంటే బావి తవ్వే యంత్రం, తెచ్చి తవ్వుతారు. రిగ్గుకి రోజు అద్దె కోట్లలో ఉంటుంది. తవ్వాక వట్టి బావి అని తేలడం మామూలే. గ్యాస్ పడినా, పొర ఎంత దూరం పరుచుకుందో తెలియడానికి చుట్టూ మరికొన్ని బావులు తవ్వాలి. ఆ తర్వాతే లెక్కలు, అనుమతులు, పైపులైన్లు, కొనేవాళ్ళతో ఒప్పందాలు. కాకినాడకు ఎదురుగా కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీకి లోతు నీళ్ళ బ్లాకు ఒకటుంది, 98/2 అంటారు. అందులో మెజారిటీ వాటా ఓఎన్‌జీసీ చేతికి వచ్చింది 2005లో. అక్కడి క్లస్టర్-2 అనే భాగం నుంచి మొదటి చమురు బయటికి వచ్చింది 2024 జనవరిలో. వాటా కొన్నప్పుడు నువ్వు పలక పట్టిన పిల్లాడివి, ఇప్పుడు ఇల్లు కొంటానంటున్నావు.

ఇక లెక్కలు తారుమారైన కథలకీ దూరం వెళ్ళక్కర్లేదు. అదే కేజీ బేసిన్‌లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీకి 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని 2005లో ఊరేగింపులా ప్రకటించారు. తర్వాత ఆ అంకె పదో వంతుకు పడిపోయింది. అప్పులు మిగిలాయి, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ అక్షింతలు వేసింది, చివరికి 2017లో 80 శాతం వాటా ఓఎన్‌జీసీ కొనుక్కుంది. అదే బేసిన్‌లోని రిలయన్స్ బ్లాకు డీ6 సంగతి వేరు. అక్కడ గ్యాస్ నిజంగానే వచ్చింది. 2009 ఏప్రిల్‌లో మొదలై, మరుసటి ఏడాదికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. 2013 చివరికి కోటిన్నర లోపుకి దిగింది. అంటే గ్యాస్ బయటికొచ్చాక కూడా ధీమాగా ఉండడానికి లేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవుల వ్యవహారం. 2010 డిసెంబరులో డిజైర్ పెట్రోలియం అనే చిన్న బ్రిటిష్ కంపెనీ చమురు పడిందని చెప్పింది. షేరు ఎగిరింది. కొద్ది రోజులకే, ఇంకా పరీక్షిస్తే అది చాలావరకు నీళ్ళని తేలిందంది. షేరు కుప్పకూలింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, తొందరపడ్డారంతే. అదే ఏడాది ఆ దీవుల దగ్గరే రాక్‌హాపర్ అనే మరో కంపెనీకి నిజంగా చమురు పడింది. పడి పదేళ్ళు దాటినా ఒక్క పీపా అమ్మలేదు. ఈ రెండో కథే నాకు ఎక్కువ భయం పుట్టిస్తుంది.

ఆయిల్ ఇండియా అలాంటి ఒంటి బావి కంపెనీ కాదు, అది ఒప్పుకుంటాను. అస్సాంలో పాత బావులున్నాయి, నుమాలిగఢ్ రిఫైనరీ ఉంది. అండమాన్‌లో ఏమీ పడకపోయినా మునిగిపోదు. కానీ అదే కారణంగా అండమాన్‌లో పడినా రాత్రికి రాత్రి రెట్టింపూ కాదు. దాని షేరును ఎక్కువగా కదిపేది క్రూడ్ (ముడి చమురు) ధర, ఢిల్లీ నిర్ణయాలు. 2022 జూలైలో విండ్‌ఫాల్ పన్ను, అంటే అనుకోకుండా వచ్చిపడిన లాభాల మీద అదనపు పన్ను, వేసినప్పుడు ఒక్కరోజులో ఎంత పడిందో వెతికి చూసుకో. ఆ పన్ను 2024 డిసెంబరులో తీసేశారు. మళ్ళీ వేయరని ఎవరూ రాసివ్వలేదు.

"నువ్వు కొన్నావు కదా" అంటావు. అవును, 2004లో ప్రభుత్వం ఓఎన్‌జీసీ షేర్లు అమ్మినప్పుడు, బ్యాంకు కౌంటర్లో అందరి ఫారాలూ తీసుకుంటూ నాదీ ఒకటి పెట్టాను. ధర 750 రూపాయలు. బోనస్‌గా ఇచ్చిన షేర్లు, ఒక షేరును ముక్కలు చేసిన స్ప్లిట్‌లు కలిసి అప్పటి ఒక షేరు ఇప్పుడు తొమ్మిదైంది, అంటే ఒక్కోటి 83 రూపాయలకు పడినట్టు. మధ్యలో డివిడెండ్లు వచ్చాయి. నష్టమేం లేదు. అదే సమయంలో మీ పిన్ని బంగారం కొంది, ఆ పోలిక మాత్రం ఇంట్లో తేవద్దు. నేను ఇన్నేళ్ళు కదలకుండా కూర్చోగలిగానంటే, ఆ డబ్బుతో మాకు వేరే పని లేదు కాబట్టి. నీ డబ్బుకి పనుంది, తేదీ కూడా ఉంది. ఆ తేదీకి షేరు కింద ఉంటే ప్లాటు వాడు ఆగడు, నువ్వు నష్టానికి అమ్ముతావు.

అంత మోజుగా ఉంటే ఈ నెల జీతంలోంచి కొద్దిగా పెట్టు. పడితే ఇంకొంచెం కొని యావరేజ్ చేస్తానని మాత్రం మొదలెట్టకు. ఎవరి మెసేజ్‌లూ కాకుండా, కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇచ్చే ప్రకటనలు నువ్వే చదువు. ఎన్ని బావులు పరీక్షించారు, గ్యాస్ ఎంతసేపు ఆగకుండా వచ్చింది, నిల్వ ఇంత అని ఎవరైనా ధ్రువీకరించారా అని చూడు. ఇవేమీ లేకుండా "భారీ అవకాశాలు" అని ఉంటే అక్కడితో వదిలెయ్యి.

అడ్వాన్సు ఎంత, ఏ తేదీలోగా కట్టాలో రాయి. తక్కువ పడితే నాన్న పోస్టాఫీసు డిపాజిట్ ఒకటి త్వరలో చేతికొస్తుంది, చూద్దాం. అగ్రిమెంటు కాగితం సంతకం పెట్టేముందు ఫోటో తీసి నాకు పంపించు.

మీ అమ్మ