పార్కుకు తాళం, పిల్లలకు కళ్లద్దాలు

సంపాదకులకు నమస్కారం.

బడిపిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనబడే లోపం, పెరుగుతోందని మీరు గత వారం ప్రచురించిన వార్తను, దాని కింద అధికారులు ఇచ్చిన ‘ఫోన్లు తగ్గించండి’ అన్న ఉచిత సలహాను చదివాను. ఫోను లాక్కున్నాక పిల్లవాడు ఎక్కడికి పోవాలో కూడా వారే సెలవిస్తే బాగుండేది. మా కాలనీ పార్కుకు పగలంతా తాళమే. సాయంత్రం తెరిచినా, గడ్డిపై నడవరాదు, బంతి ఆడరాదు అన్న బోర్డు, దానికి తోడు కాపలాదారు ఈల.

నిరుడు అభివృద్ధి పేరిట అందులోని సీమచింత, నేరేడు చెట్లను కొట్టించి, నేలంతా టైల్స్, మిగిలిన చోట ప్లాస్టిక్ పచ్చిక పరిచారు. ఎండకు అది కాలిపోతుంటే దానికీ ట్యాంకరుతో నీళ్లు కొడుతున్నారు! ఒకప్పుడు తొలకరి పడగానే ఆ మట్టిలో ఆరుద్ర పురుగులు తిరిగేవి. ముట్టుకుంటే ఎర్రని మఖమల్ పూసలా కాళ్లు ముడుచుకుని, కాసేపటికి అరచేతిలో గిలిగింతలు పెడుతూ నడిచేవి. నేటి పిల్లలు వాటిని పాఠంలో బొమ్మగా చూడవలసిందే.

ఇదంతా ముసలివాడి చాదస్తమనుకునే వారి కోసం రెండు సంగతులు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచగా, మూడేళ్లలో హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, అలా ఉంచని బడులలో 39.5 శాతం. డెన్మార్క్‌లో 9 లక్షల మందికి పైగా వివరాలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో, పచ్చదనం అతి తక్కువగా ఉన్నచోట బాల్యం గడిపినవారికి పెద్దయ్యాక కొన్ని మానసిక రుగ్మతల ముప్పు 55 శాతం వరకు ఎక్కువని తేలింది. కుటుంబాల ఆదాయం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ముప్పు ఎక్కువగానే కనబడింది.

విద్యాహక్కు చట్టం 2009లోనే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. అపార్టుమెంటు అంతస్తుల్లో నడిచే బడులకు అనుమతులు ఎలా వస్తున్నాయో, తనిఖీకి వచ్చేవారు ఆటస్థలం గడి ఎదుట ఏం రాసుకుపోతున్నారో అడిగే నాథుడు లేడు. ఏటా లక్షల మొక్కలు నాటామని ఫొటోలతో ప్రకటనలు మాత్రం తప్పవు. ఇకపై ఆ లెక్కలతో పాటు, పిల్లలు ఎక్కి కాయలు కోసుకోగల చెట్లు వార్డుకు ఎన్ని మిగిలాయో కూడా ప్రకటించవలసిందిగా పురపాలక అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హైదరాబాద్