ఈ ఏడాది ఆవకాయకు మా కారం లేదు

ఉగాది రాకముందే మా దుకాణంలో ఆవకాయ కారానికి పేర్లు రాయించుకునే మీ అందరికీ ఈసారి కారం ఇవ్వలేను. ఎవరో చెబితే వినడం కన్నా నా నోటనే మీకు తెలియాలి.

ఆరేళ్లుగా మనకు మందులు కొట్టకుండా మిరప పండిస్తున్న పల్నాడు రైతు ఈసారి పురుగుమందు కొట్టారు. దాచలేదు. సంక్రాంతికి ముందు ఒక రాత్రి ఫోను చేసి, "అన్నా, కొట్టేశాను. సంచుల మీద మందులు లేనిదన్న మాట ఇక రాయకండి" అన్నారు. కోపంలో కటువుగా మాట్లాడాను.

మర్నాడు చేలోకి వెళ్లాక నోరు పెగల్లేదు. ఆకులన్నీ పైముడత. ఒక పువ్వు తెంపి అరచేతిలో దులిపితే, నువ్వుగింజలో సగం కూడా లేని నల్లటి పురుగులు బిలబిలమని పరుగెత్తాయి. రెండుసార్లు మందు కొట్టిన తర్వాత సంగతి ఇది.

2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగే ఇది. పువ్వు లోపల ఉంటుంది, ఎదుగుదలలో కొన్నాళ్లు నేలలో దాక్కుంటుంది. పైన ఏది చల్లినా సరిగా అందదు. ఘాటు మందులు పదేపదే కొడితే దాన్ని తినే మిత్రపురుగులే ముందు చస్తాయి. ఇదంతా ఆయనకు నాకన్నా బాగా తెలుసు. నీలం జిగురు అట్టలు కట్టారు, గట్ల వెంట జొన్న వేశారు, వేప కషాయం కొట్టారు. కానీ ఆయనది ఎకరంన్నర కౌలు చేను, చుట్టూ అన్నీ మందుల చేలే. పంట పోయినా కౌలు పోదు. జనగామ జిల్లా ఎనబావిలో ఊరంతా ఒక్కమాట మీద నిలబడి రసాయనాలు మానేసింది. ఒంటరి చేనుకు ఆ బలం ఎక్కడిది?

ఆ కాయను ఏం చేయాలన్నదే నన్ను నెలన్నర నిద్రపోనివ్వలేదు. "ఆడించి అమ్మెయ్, ఎవరికి తెలుస్తుంది" అన్నవారు మా ఇంట్లోనే ఉన్నారు. మందు కొట్టిన కాయ అని సంచి మీద రాసి అమ్మితే అబద్ధం కాదు కదా అని నేనే ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ ఒకే మర, ఒకే అల్మరా. ఏదో ఒకరోజు సంచి మారుతుంది. నా మాట నమ్మి పసిపిల్లలకు అన్నం కలిపే ఇళ్లున్నాయి. కొనలేదు. రైతు దాన్ని మార్కెట్ యార్డులో అమ్ముకున్నారు. వేరే వ్యాపారి ఒకరు కాగితాలతో సహా సేంద్రియ మిరప ఇస్తానన్నారు. చేను చూపించమంటే మాట దాటేశారు. అదీ కొనలేదు.

పాత ఖాతాదారు ఒకరు "మీరూ ఆ తానులో ముక్కే" అని రాశారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తెలిసి ఒక్క సంచి కూడా తప్పు పంపలేదు. ఆ మాట నేను ఒప్పుకోను.

మీరు కట్టిన బయానా ఈ వారంలోనే తిరిగి వస్తుంది. బియ్యం, పప్పులు ఎప్పటిలాగే ఉంటాయి. ఆవకాయ కారానికి మిరపకాయ కొని, తొడిమలు తీయించి, మీ ఎదుటే ఆడించుకోండి.

ఆ రైతును వదలను. నేనిచ్చిన అడ్వాన్సు వెనక్కి అడగలేదు. వచ్చే పంటకు సగం కౌలు నాది. పక్క చేల రైతులు ఇద్దరు కలుస్తామన్నారు. కారం ధర పెరుగుతుంది, ఇప్పుడే చెబుతున్నాను. నారు పోసే రోజు నేనూ అక్కడే ఉంటాను.