మైనా అని పిలిస్తే పలికావు

హనుమకొండ,
జనవరి 21

సింధూ తల్లీ,

నువ్వు బాగున్నావు కదా. బెంగళూరులో చలి ఎక్కువగా ఉందని టీవీలో చెప్తున్నారు. రాత్రి పడుకునేటప్పుడు చెవులకు గుడ్డ కట్టుకో. నీ సైనస్ సంగతి నీకంటే నాకే బాగా తెలుసు. ఆవిరి పట్టే మిషన్ ఎక్కడో పైన పెట్టేసి ఉంటావు, కిందికి దింపు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకు షుగర్ కంట్రోల్‌లోనే ఉంది. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచొస్తున్నారు. పండక్కి నువ్వు రాలేదని సకినాలు ఈసారి రెండు కిలోల బియ్యానికే చేశాం. సుగుణ పిన్ని వచ్చి చుట్టిపెట్టింది. చుడుతూ చుడుతూ, "అక్కా, సింధు తన కథంతా పుస్తకంగా రాస్తోందట కదా, ప్రణీతతో అన్నదట" అంది. నాకు ముందే తెలిసినట్టు తలూపాను. నాకేం తెలుసు? నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడితే మాట్లాడినట్టు కాదమ్మా.

సరే, అది వదిలెయ్. పెరట్లో జామచెట్టు ఈ ఏడు విరగకాసింది. కింది కొమ్మల కాయలన్నీ ఎదురింటి పిల్లలకే. నీ గదిలో గోడకు చెమ్మ వస్తోందని నాన్న సున్నం వేయించారు. నీ పుస్తకాలు బీరువా మీదికి ఎక్కించాం, ఒక్కటి కూడా పోలేదు. పుస్తకాలంటే గుర్తొచ్చింది. ఎన్ని పేజీలు అయింది? రాత్రిళ్ళు కూర్చుని రాస్తున్నావా? అన్నం తింటున్నావా, ఆ నూడుల్సేనా?

దసరాకి వచ్చినప్పుడు నిన్ను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను కదా. అక్కడ ఒక ఫారం ఇచ్చారు. మీ కుటుంబంలో షుగర్ ఉందా, బీపీ ఉందా, గ్లకోమా ఉందా అని. చిన్నప్పటి నుంచీ అలాంటి ఫారాల్లో నేను 'లేదు' అనే రాస్తూ వచ్చాను, నన్ను చూసి నువ్వూ అదే రాసేదానివి. ఆ రోజు నువ్వు 'తెలియదు' అని రాశావు. రాసి నా వైపు చూశావు. ఆ చూపులో భయం లేదు, కోపమూ లేదు. ఇంట్లో మేనత్త "నిన్ను కన్నవాళ్ళ సంగతి ఏమైనా తెలిసిందా" అని అందరి ముందూ అడిగితే, ఇదివరకైతే గదిలోకి వెళ్ళి తలుపేసుకునేదానివి. ఈసారి కూర్చున్న చోటు నుంచి కదలకుండా "ఇంకా లేదత్తా, తెలుసుకుంటున్నా" అన్నావు. అది రాయడం వల్ల వచ్చిన ధైర్యమేనని ఇప్పుడు అర్థమవుతోంది.

అదే రోజు వంటింట్లో నన్ను అడిగావు, "అమ్మా, నేను మొదటిసారి నీ గొలుసు ఏ చేత్తో పట్టుకున్నాను?" అని. కుడిచెయ్యి అని టక్కున చెప్పాను. నీ ప్రతి పుట్టినరోజుకీ చెప్పిన కథే కదా. మమ్మల్ని చూడగానే నవ్వావు, చేతులు చాచావు, నా గొలుసు పట్టుకుని వదల్లేదు. నువ్వు దాన్నే మొదటి పేజీలో రాస్తావని నాకు తెలుసు. అందుకే సకినాల రోజు నుంచీ నాకు నిద్ర లేదు. సింధూ, అలా జరగలేదమ్మా.

1999 అక్టోబర్. నీకు 14 నెలలు. కోర్టు అనుమతి కాగితం తీసుకుని అమీర్‌పేట్‌లో అనాథ పిల్లల్ని చూసుకునే శిశువిహార్‌కు వెళ్ళాం. నిన్ను నా చేతుల్లో పెట్టగానే ఏడుపు మొదలుపెట్టావు. ఆటోలో ఏడుపే. చిక్కడపల్లిలో మల్లేశం బావ ఇంట్లో దిగాం, అక్కడా ఏడుపే. నాలుగు రోజులు. పాలు పడితే తల తిప్పేదానివి. మీ నాన్న ఎత్తుకుంటే కాస్త ఊరుకునేదానివి, నేను ఎత్తుకుంటే విల్లులా వెనక్కి విరుచుకునేదానివి. నేను "సింధూ, సింధూ" అని పిలుస్తూనే ఉన్నాను. నువ్వు తలుపు వైపే చూసేదానివి. ఎనిమిదేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న పిల్ల నన్ను వద్దంటోందని బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఐదో రోజు పొద్దున నిన్ను అక్కయ్యకు అప్పగించి, ఒక్కదాన్నే బస్సెక్కి మళ్ళీ అక్కడికే వెళ్ళాను. ఆయమ్మ దండెం మీద చిన్న చిన్న బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి కంగారుపడింది, నిన్ను తిరిగి ఇచ్చేస్తానేమో అనుకుంది పాపం. సంగతి చెప్తే నవ్వి, "మైనా అని పిలిచి చూడమ్మా. మూడో నెల నుంచి మేమంతా అట్లనే పిలిచినం. ఊకె కిచకిచ అంటుంటది కదా" అంది. ఫైల్లో నీ పేరు దీపిక. ఆ పేరుతో నిన్ను ఎవరూ పిలిచినట్టు లేదు.

తిరిగొచ్చి గుమ్మంలోనే చెప్పులు విప్పకుండా నిలబడి "మైనా" అన్నాను. నువ్వు మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నావు. ఒక్కసారి ముఖమంతా ఇటు తిప్పావు. కోడు వదిలేసి రెండడుగులు వేశావు. గొలుసు పట్టుకున్నది అప్పుడు. కుడిచెయ్యే, అది మాత్రం అబద్ధం కాదు.

ఊరికొచ్చాక మీ బాపమ్మ, "పాత పేరు ఇంట్లో వినపడొద్దు, పిల్ల మనది కావాలంటే" అంది. నేనూ సరే అన్నాను. నువ్వు పలుకుతుంటే నాకు అసూయగానే ఉండేది, ఎవరో పెట్టిన పేరుకు కదా పలుకుతోంది అని. ఉగాది నాటికి ఆ పేరు మాన్పించేశాం. ఆ తర్వాత ఒక్కసారి కూడా నా నోటి నుంచి రాలేదు. మనం కలిసి లయన్ సినిమా చూశాం గుర్తుందా? ఐదేళ్ళప్పుడు రైల్లో తప్పిపోయి కలకత్తా చేరి, ఆస్ట్రేలియా వాళ్ళింట్లో పెరిగిన ఖండ్వా పిల్లాడి కథ. పాతికేళ్ళ తర్వాత కన్నతల్లిని కలిశాక గానీ అతనికి తెలీదు, తన పేరు సరూ కాదు, షేరూ అని. నువ్వు కళ్ళు తుడుచుకుంటున్నావు. నేను నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, చెప్పలేకపోయాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. 2001లో తండాల నుంచి లంబాడీ ఆడపిల్లల్ని కొన్ని సంస్థలు కొని దత్తతకు ఇస్తున్నాయని పేపర్లలో రోజూ వచ్చేది. పేదరికమనో ఆడపిల్లనో బిడ్డను రాసిచ్చే పద్ధతినే ప్రభుత్వం అప్పుడు ఆపేసింది. ఆ నెలల్లో మనింటికి పేపర్ మాన్పించాను. నువ్వు దొరికింది దేవరకొండ బస్టాండులో అని ఫైల్లో ఉంది. దేవరకొండ చుట్టూ తండాలే. నిన్ను తెచ్చుకున్నది ఆ సంస్థల నుంచి కాదు, అయినా ఎవరైనా వచ్చి 'మా పిల్ల' అంటారేమోనని వణికేదాన్ని. దత్తత ఇచ్చిన రోజు నుంచి పుట్టింటి బంధాలు తెగినట్టేనని 1956 చట్టంలో ఉందని లాయరు చదివి వినిపిస్తే, ఆ రోజు సంబరపడ్డాను. ఆమె ఎవరో గానీ, ఆ బస్టాండులో నిన్ను దించి ఎటు నడిచి వెళ్ళిందో అని ఈ మధ్య రోజూ అనుకుంటున్నాను.

ఇక నువ్వు వెతకాలనుకుంటే ఒక పద్ధతి ఉంది, విను. నాన్న కనుక్కున్నారు. 18 దాటినవాళ్ళు కారాకు, అంటే దత్తతల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకు, సొంతంగానే అర్జీ పెట్టుకోవచ్చు. నీ తరఫున వేరేవాళ్ళు వెతకడానికి నిబంధనలు ఒప్పుకోవు. వెతికిపెడతామని డబ్బులడిగే వాళ్ళకు ఒక్క కాగితం కూడా ఇవ్వకు. ఏ కబురొచ్చినా ఒక్కదానివే కూర్చుని చదవకు. నాకు ఫోన్ చెయ్యి, రాత్రి బస్సుకి వచ్చేస్తాను. ఆమె దొరికితే పేరు మార్చకుండా పుస్తకంలో పెట్టకు, ఆమెకు ఇప్పుడు ఒక ఇల్లు ఉండి ఉంటుంది. నా గురించి ఏం రాసినా పర్వాలేదు, పేరు మాన్పించిన సంగతితో సహా. లెక్చర్ ఇవ్వకూడదనే కూర్చున్నాను, ఇచ్చేశాను.

ప్రణీత ఆదివారం బెంగళూరు వస్తోంది, డబ్బా తన చేతికి ఇస్తున్నాను. కింద సకినాలు, పక్కన కారప్పొడి, పైన నీ ఫైలు. నూనె అంటకుండా ఫైలుకు రెండు కవర్లు వేశాను. అందులో నీ ఫొటో ఒకటి ఉంది, గుండుపిన్ను తుప్పు పట్టి చెంప మీద మరకైంది. గోకకు, చిరుగుతుంది. కోర్టు కాగితం మడతల దగ్గర విడిపోతోంది, జిరాక్స్ తీయించుకుని అసలుది దాచిపెట్టు. సకినాలు గాలి తగిలితే మెత్తబడతాయి, డబ్బా మూత గట్టిగా పెట్టు.

అందగానే ఫోన్ చెయ్యి మైనా.

మీ అమ్మ