పేరు రాయవద్దన్న ఆ పెద్దాయనకు

తణుకులో ఇప్పుడు రాత్రి రెండు దాటింది. ప్రయాణపు బడలిక తీరలేదు, నిద్ర వేళలు ఇంకా కుదరలేదు, పక్క గదిలో పిల్లలు కూడా మేలుకునే ఉన్నారు. ఇందాక ఫోనుకు రెండు ఫొటోలు వచ్చాయి. ఒకటి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మా ఇంటి గోడమీది థర్మోస్టాట్ (ఇంటి వేడిని అదుపు చేసే పరికరం), దానిలో 58 ఫారన్‌హీట్ అంకె. రెండోది ఇంటి పక్కగోడలోంచి బయటికి వచ్చే రెండు తెల్లటి పీవీసీ గొట్టాలు, వాటి చుట్టూ పారతో తీసి పక్కన పోసిన మంచు. కింద ఒక్క వాక్యం: "ఇల్లు బాగానే ఉంది, మీరు పండగ చేసుకోండి." పంపిన మనిషి మాకు చుట్టం కాదు. మేము బయలుదేరే ముందురోజు సాయంత్రం దాకా ఆయన ముఖం కూడా మాకు తెలియదు. తెల్లవారితే చుట్టాల హడావుడిలో ఈ మాటలు ఇలా రావని ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను. వాక్యాలు అటూ ఇటూ అయితే మన్నించండి.

"ఇంటికి తాళం వేసి వస్తే చాలదా, ఈ గొట్టాల గొడవ ఏమిటే?" అని మా పిన్ని అడిగింది. చలి దేశాల్లో లేనివాళ్ళ కోసం చెబుతాను. సంక్రాంతికి ఊరు రావాలంటే జనవరిలో ఇల్లు వదలాలి. మిన్నెసోటాలో అన్నింటికన్నా చలి నెల అదే. మైనస్ 22 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 30 సెల్సియస్ రాత్రులు అక్కడ వింత కాదు. ఇంటిని వెచ్చగా ఉంచేది గ్యాసుతో నడిచే ఫర్నేస్. మనం లేనప్పుడు అది ఆగిపోతే ఇల్లు త్వరలోనే గడ్డకట్టే స్థితికి వస్తుంది. నీరు మంచుగా మారితే దాదాపు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది. గొట్టంలో ఒకచోట మంచు బిరడాలా బిగుసుకుంటే, ఆ బిరడాకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిమీద ఒత్తిడి పెరిగి గొట్టం అక్కడ పగులుతుంది. ఆ తర్వాత వీధి పైపులోని నీరంతా మన ఇంట్లోకే. ఎవరైనా చూసేదాకా అది పారుతూనే ఉంటుంది. అందుకే ఇంట్లో వేడి 55 ఫారన్‌హీట్‌కు (సుమారు 13 సెల్సియస్) తగ్గకుండా ఫర్నేస్‌ను నడవనివ్వాలి, అది ఆగినా ఇల్లు మునగకుండా, ఇంటి మొత్తానికి నీరు ఆపే మెయిన్ వాల్వు కట్టేసి, గొట్టాల్లో నీరు ఖాళీ చేసి రావాలి.

మా మెయిన్ వాల్వు బేస్‌మెంటులో మీటరు పక్కన ఉంటుంది. చక్రంలాంటి పిడి తిప్పితే లోపల గేటులాంటి పలక దిగి నీటిని ఆపే పాత గేట్‌వాల్వు. మరునాడు తెల్లవారుజామున విమానం అనగా, మధ్యాహ్నం దాన్ని కట్టబోతే కొంత తిరిగి బిగుసుకుపోయింది. కుళాయిల్లో నీరు వస్తూనే ఉంది, పైగా పిడి మొదట్లోంచి చుక్కలు కారడం మొదలైంది. మావారు కింద బకెట్టు పెట్టి, తువ్వాలు చుట్టి అక్కడే కూర్చున్నారు. నేను ఫోను పట్టుకున్నాను.

ఇక్కడ కాస్త కడుపుమంట వెళ్ళగక్కుకుంటాను, ఏమీ అనుకోవద్దు. ఇల్లు కొన్నప్పటి నుంచి నెలనెలా డబ్బు కడుతున్న హోమ్ వారంటీ కంపెనీ (ఇంట్లో ఏదైనా పాడైతే బాగుచేయించేవాళ్ళు), మూడు నుంచి ఐదు పనిదినాల్లో ఒక మనిషిని పంపుతామంది. పండగ సెలవులు ఆ పనిదినాల్లోకి రావట. నీటి విభాగం వాళ్ళు, ఇంటి ముందు భూమిలో ఉన్న వాల్వును తిప్పే తాళంచెవి తమ దగ్గరే ఉందనీ, కానీ చుక్కలు కారడం అత్యవసరం కిందికి రాదనీ, లైసెన్సు ఉన్న ప్లంబరు దరఖాస్తు పెడితే సెలవుల తర్వాత చూస్తామనీ అన్నారు. "వరదగా పారితే మాత్రం వెంటనే వస్తాం" అని భరోసా కూడా ఇచ్చారు. వరదగా పారే వేళకు నేను సముద్రాల మీద ఉంటాను కదా! ప్లంబర్లు వచ్చే వారమన్నారు. బీమా సంస్థ మనిషి మాత్రం చాలా శ్రద్ధగా నిబంధన చదివి వినిపించాడు: ఇంట్లో వేడి నిలిచేలా తగిన జాగ్రత్త తీసుకోవాలి, లేదా నీరు కట్టేసి గొట్టాలు ఖాళీ చేయాలి, అలా చేయకపోతే నష్టపరిహారం కష్టం. కట్టడానికే వాల్వు తిరగడం లేదయ్యా అంటే, మళ్ళీ అదే నిబంధన మొదటి నుంచి చదివాడు. ఇల్లు కొనేటప్పుడు డబ్బు తీసుకుని తనిఖీ చేసినాయన నివేదికలో "మెయిన్ వాల్వు: ఉంది" అని టిక్కు పెట్టాడు. తిప్పి చూడడం వాళ్ళ పనిలో భాగం కాదట. అదే రాష్ట్రంలో ఒక మంచి నియమం ఉంది: అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా, బిల్లు కట్టలేనివాళ్ళు వాయిదాల ఒప్పందం చేసుకుంటే వేడికి కావలసిన గ్యాసు, కరెంటు తీసేయకూడదు. చలి మనిషిని చంపగలదని తెలిసినవాళ్ళు రాసిన నియమం అది. ఆ తెలివి ఈ ఫోన్ల అవతల ఉన్నవాళ్ళకు మాత్రం చేరలేదు.

సాయంత్రం హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళాను. గొట్టాల సామాను వరుసలో, ఫోనులో వాల్వు ఫొటో తెరుచుకుని, ఏమి కొనాలో తెలియక నిలబడ్డాను. చేతిలో ఫర్నేస్ ఫిల్టరు పట్టుకుని పక్కగా వెళుతున్న పెద్దాయన ఒకరు ఆగి, "దాన్ని బలంగా తిప్పారా?" అని అడిగారు. లేదన్నాను. "మంచిది. బలం వాడితే కాడ విరుగుతుంది. విరిగితే ఈ రాత్రి మీకు నిద్ర ఉండదు" అన్నారు. విమానం సంగతి చెప్పాను. ఆయన చేతిలోని ఫిల్టరు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "మీ ఇల్లు ఎంత దూరం?" అన్నారు. తన పికప్ ట్రక్కులో నా వెనకే వచ్చారు.

ఆయన జీవితమంతా పైపులు బిగించే పని చేసి రిటైరైన మనిషి. వయసు డెబ్బై దాటింది. గుమ్మంలో మా చెప్పులు చూసి, అడగకుండానే బూట్లు విప్పి పక్కన పెట్టారు. నిచ్చెన మెట్లలాంటి మా బేస్‌మెంటు మెట్లు పట్టుకుని నెమ్మదిగా దిగారు. ఆయన పని చూడాలి మీరు! చిన్న పానాతో ముందు పిడి కింద ఉన్న ప్యాకింగ్ నట్‌ను పిసరంత బిగించారు, అంతే, చుక్కలు పలచబడ్డాయి. తర్వాత పిడిని పావు చుట్టు మూశారు, మళ్ళీ తెరిచారు. ఇంకొంచెం మూశారు, మళ్ళీ తెరిచారు. మా ఊరి నీళ్ళలో సున్నం ఎక్కువ. ఏళ్ళ తరబడి కదలని వాల్వు లోపల అది పేరుకుని, గేటు దిగవలసిన గాడిని పూడ్చేస్తుందట. తెరిచినప్పుడల్లా పారే నీరే ఆ గరుకును కొంచెం కొంచెంగా కడిగేస్తుంది. అలా ఎంతసేపు కూర్చున్నారో! ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మధ్యలో 1996 ఫిబ్రవరి సంగతి చెప్పారు. ఆ నెల 2న మిన్నెసోటా ఉత్తరాన టవర్ అనే ఊరి దగ్గర మైనస్ 60 ఫారన్‌హీట్ నమోదైంది, రాష్ట్రంలో ఇప్పటికీ అదే రికార్డు. గవర్నరు బడులన్నీ మూయించారు. ఆ వారమంతా తాను గడ్డకట్టిన గొట్టాల కిందే పడుకుని లేచానని నవ్వుతూ అన్నారు.

చివరికి గేటు దిగింది. నూటికి నూరుపాళ్ళు కాదు, సన్నటి ధార ఒకటి మిగిలింది. ఆయన దానికి కంగారు పడలేదు. బేస్‌మెంటులో బట్టలుతికే తొట్టి కుళాయి తెరిచి ఉంచమన్నారు. ఇంట్లో అన్నింటికన్నా కింద ఉన్న కుళాయి అదే కాబట్టి, ఆ మిగిలిన ధార గొట్టాల్లో నిండి ఒత్తిడి పెంచకుండా డ్రైనులోకి పోతుంది. ఇది ఏ ఫోనులోనూ ఎవరూ చెప్పలేదు. తర్వాత ఇల్లంతా తిరిగారు. పై అంతస్తు కుళాయిలన్నీ తెరిపించి నీరు దింపించారు. ఫ్లష్ తొట్లు ఖాళీ చేయించారు. నీళ్ళలో సున్నం తగ్గించే యంత్రాన్ని బైపాస్‌లో, అంటే నీరు దానిలోంచి పోకుండా, పెట్టారు. ఫర్నేస్‌కు తగిలించిన, గాలిలో తేమ పెంచే హ్యూమిడిఫయర్‌కు వెళ్ళే సన్నటి గొట్టాన్ని, ఫ్రిజ్‌లో మంచుగడ్డలు చేసే యంత్రాన్ని కట్టేశారు. వాటర్ హీటరు పిడిని, ఊరు వెళ్ళినప్పుడు పెట్టే వెకేషన్ గుర్తు మీదకు తిప్పారు. బయటి గోడకు ఆనుకున్న సింకుల కింది తలుపులు తెరిచి పెట్టారు, ఇంటి వేడి లోపలికి తగలడానికి. ప్రతి వాల్వుకూ కాగితపు టేపు అంటించి పెన్సిలుతో బాణం గుర్తు వేశారు.

తన ట్రక్కులోంచి ఒక చిన్న పెట్టెలాంటిది తెచ్చి వీధివైపు కిటికీలో దీపానికి తగిలించారు. ఇంట్లో వేడి పెట్టిన అంకెకన్నా కిందికి పడిపోతే దీపం వెలుగుతుంది, దారిన పోయేవాళ్ళకు తెలుస్తుంది. "కరెంటు పోతే మాత్రం ఇదీ పనికిరాదు, అందుకే అప్పుడప్పుడు నేనే వచ్చి చూస్తాను" అన్నారు. అలా మాట వరసకు అన్నారేమో అనుకున్నాను.

డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టారు. మా అత్తగారు కాఫీ కలిపి, "తీసుకోండి అన్నయ్యగారూ" అని తెలుగులోనే ఇచ్చారు. ఆయన కూడా ఆ మాటకు తలూపి తీసుకున్నారు. అత్తగారు సున్నుండలు నాలుగు కవరులో పెట్టిచ్చారు. వెళ్ళే ముందు ఆయన వాల్వు కింద ఒక పేపరు నాప్‌కిన్ పరిచి, రాత్రంతా అలాగే ఉంచమన్నారు.

అసలు సంగతి ఇక్కడుంది. తెల్లవారుజామున, ఇంకా చీకటిగానే ఉంది, మేము సూట్‌కేసులు గుమ్మంలోకి చేరుస్తుంటే ట్రక్కు లైట్లు పడ్డాయి. ఆయనే. టోపీ మీద, కనుబొమల మీద మంచు. "ఆ ప్యాకింగ్ నట్ గురించి ఆలోచిస్తూ పడుకున్నాను, నిద్ర పట్టలేదు" అన్నారు. టార్చిలైటుతో కిందికి దిగి నాప్‌కిన్ తీసి చూశారు. పొడిగా ఉంది. దాన్ని నాకు చూపించి జేబులో పెట్టుకున్నారు. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న నేను ఆ మెట్లమీదే కూర్చుని ఏడ్చేశాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రోజంతా ఫోనుల్లో అందరూ నాకు చెప్పింది, మా సమస్య ఏ నిబంధన కిందికి వస్తుందో, రాదో. ఈయన ఒక్కరే అది కారుతోందా లేదా అని ఆలోచించారు. ఆయన చాలా ఇబ్బంది పడ్డారు పాపం, టోపీ చేతిలో నలుపుతూ, "విమానానికి ఆలస్యమవుతుంది" అన్నారు.

ఇంటి తాళంచెవి ఆయనకే ఇచ్చి వచ్చాం. "ముక్కూమొహం తెలియని మనిషికి ఇల్లు అప్పగించి వచ్చారా!" అని ఇక్కడ మా చిన్నాన్న కోప్పడ్డారు. చిన్నాన్నా, ఆ ఫొటోలు మీకూ పంపిస్తాను చూడండి. మొన్న అక్కడ గాలితో కలిసి మంచు కురిసి, గోడ పక్కన గుట్టగా పేరుకుంది. ఆ రెండు తెల్ల గొట్టాల్లోంచే ఫర్నేస్ గాలి పీల్చి పొగ వదులుతుంది. అవి మూసుకుపోతే లోపలి ప్రెషర్ స్విచ్ ఫర్నేస్‌ను ఆపేస్తుంది, ఇల్లు చల్లబడుతుంది. మేము ఆయనకు ఫోను చేయలేదు, అడగలేదు. ఆయనే పార పట్టుకుని వెళ్ళారు.

మావారు, అత్తగారు, పిల్లలు తోడున్నారు, మరిది విమానాశ్రయానికి వచ్చి తీసుకొచ్చాడు. వాళ్ళకు విడిగా కృతజ్ఞతలు చెబితే నవ్వుతారు.

ఆయన తన పేరు ఎక్కడా రాయవద్దన్నారు, కాబట్టి రాయడం లేదు. తెలుగు ఆయనకు రాదు, ఇది చదవరు. అయినా, అయ్యా, మీకు చేతులెత్తి నమస్కారం.

అన్నట్టు, మరిచిపోయాను. దుకాణంలో సింకుల కింది వంపు గొట్టాల్లో పోయడానికి, నీరు గడ్డకట్టకుండా చేసే యాంటీఫ్రీజ్ ద్రవం వెతుకుతుంటే, "కార్లకు వాడే పచ్చటిది విషం, ఈ గులాబీరంగుది తీసుకోండి" అని ఆపిన అమ్మాయికి థాంక్స్. మా కరివేపాకు మొక్క 58 ఫారన్‌హీట్ ఇంట్లో బతకదని తన ఇంటికి తీసుకెళ్ళిన తెలుగు బడి స్నేహితురాలికి కూడా (ఆకులు కోసుకో, మొహమాటపడకు). పెద్దాయన నాప్‌కిన్ చూసేదాకా ఇంటి ముందు కారు ఆపి ఓపిగ్గా ఎదురుచూసి, ఒక్క డాలరు ఎక్కువ అడగని సోమాలీ డ్రైవరుగారికీ.

ఎదురింటి ఆవిడను వదిలేశానే! ఇంట్లో మనుషులున్నట్టు కనిపించడానికి మా ఇంటి ముందు మంచు కూడా ఊడ్చుతున్నారట, ఇప్పుడే తెలిసింది.

మిన్నెసోటాలో ఉన్నవాళ్ళకు ఒక విన్నపం. తిరిగి వెళ్ళాక ఆ గేట్‌వాల్వు పీకించి, పిడి పావు చుట్టు తిప్పితే మూసుకునే బాల్‌వాల్వు పెట్టించాలి. నమ్మకమైన, లైసెన్సు ఉన్న ప్లంబరు ఎవరైనా తెలిస్తే చెప్పండి. పెద్దాయనను అడిగితే, తాను చేయకూడదనీ, నీటి విభాగం ఒప్పుకోదనీ అన్నారు. కానీ ఆ రోజు వచ్చి పక్కన నిలబడి చూస్తారట.