ఎముక అతకకపోవడం నీ తప్పు కాదు తల్లీ

బ్రాడీపేట, గుంటూరు

చి. లావణ్యకు నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే, అమ్మ పక్కనే ఉండటంతో అన్నీ చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. వినాయక చవితికి వచ్చినప్పుడు నువ్వే నా వాకర్ పక్కన పెట్టించి, చేతికర్రతో స్టేడియంలో నడిపించావని, అందుకే తుంటి ఎముక అతకలేదని అంటున్నావు. కాదు తల్లీ. జులైలో తీసిన ఎక్స్‌రేను డాక్టరుగారు మొన్న మళ్లీ లైటు ముందు పెట్టి చూపించారు. మొదటి ఆపరేషన్లో వేసిన మూడు స్క్రూల్లో ఒకటి అప్పటికే వెనక్కి జరిగి ఉంది. విరిగిన గీత అలాగే కనబడుతోంది. నువ్వు వచ్చింది ఆ తర్వాతే.

దాచింది నేను. జూన్ నుంచే కాలు మోపితే గజ్జల్లో పొడిచినట్టు ఉండేది. సీజను అయిపోయి మిర్చి యార్డులో లెక్కలు తేల్చే రోజులు, మళ్లీ మంచం ఎక్కితే ఎలా అని ఎవరికీ చెప్పలేదు. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు తెచ్చుకుని మింగేవాణ్ణి. సిగరెట్లు మానేశానని అమ్మతో అన్నాను గానీ రోజుకు నాలుగైదు కాలుస్తూనే ఉన్నాను. స్టేడియంలో రెండో రౌండులో ఆగి చెప్పు పట్టీ సర్దుకున్నాను, గుర్తుందా? అది పట్టీ కోసం కాదు, నొప్పికి ఆగాను. ఇదంతా రాయాలంటే సిగ్గుగా ఉంది. కానీ నువ్వు నెత్తిన పెట్టుకున్న బరువు దించాలంటే రాయక తప్పదు.

అసలు అక్కడ ఎముక అతకడమే కష్టమట. తొడ ఎముక పైన బంతిలాంటి తల, దాని కింద సన్నటి మెడ ఉంటాయి. నాకు విరిగింది ఆ మెడ. తలకు నెత్తురు చాలావరకు ఆ మెడను అంటుకుని పైకి పాకే సన్నటి నాళాల నుంచే అందుతుంది. మెడ విరిగినప్పుడు అవి కూడా తెగే ప్రమాదం ఉంది. చేయో కాలో విరిగితే ఎముక మీది పొర నుంచి కొత్త ఎముక బుడిపెలా కట్టుకుని అతుకుతుంది. ఈ ఎముక మెడేమో తుంటి కీలును చుట్టిన సంచి లోపల ఉంటుంది కాబట్టి దానికి ఆ సాయం దాదాపు లేదు. పెద్దమ్మ నాటు కట్టు కట్టిద్దామని ఇంకా అంటోంది. అంత లోపల ఉన్నదాన్ని పైన కట్టే కట్టు ఎలా పట్టి ఉంచుతుంది?

నా విషయంలో ఇంకో చిక్కు ఉంది. విరిగిన గీత బాగా నిటారుగా ఉంది. యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, పేర్చడం చిన్నప్పటి నుంచీ చూశావు కదా. సమంగా పేర్చితే పైబరువు కింది టిక్కీని అదిమి పెడుతుంది. వరస ఒరిగిందంటే అదే బరువు జార్చేస్తుంది. నేను అడుగు వేసినప్పుడల్లా లోపల జరుగుతున్నది ఆ జారడమే. పావెల్స్ అనే జర్మన్ డాక్టరు ఈ వాలు సంగతి 1935లోనే రాశారట.

ఇప్పుడు చేసే ఆపరేషన్ ఆ వాలును మార్చడానికే. మెడకు దిగువన, బయటి వైపు నుంచి చీలిక ఆకారంలో చిన్న ఎముక ముక్క తీసేసి, పైభాగాన్ని వంచి ప్లేటుతో బిగిస్తారు. దాంతో గీత అడ్డంగా తిరుగుతుంది, జార్చిన బరువే అదమడం మొదలుపెడుతుంది. రెండు సెంటీమీటర్లు పొట్టిగా అయిన కాలు కూడా కొంత సర్దుకుంటుంది.

కీలు మార్పిస్తే ఒక్కసారితో పోతుంది కదా అని బాబాయి అంటున్నాడు. 65 దాటిన మనిషికైతే అదే చేసేవాళ్లమని డాక్టరుగారూ అన్నారు. నాకు 51. పెట్టిన కీలు అరిగితే మళ్లీ మార్చాలి. ఎమ్మారైలో చూస్తే ఎముక తల ఇంకా ప్రాణంతోనే ఉంది. బతికి ఉన్నదాన్ని తీసి పారేయడానికి నాకు మనసొప్పలేదు. ఇది కూడా తప్పకుండా అతుకుతుందని ఆయన మాట ఇవ్వలేదు. అతికినా తర్వాత తల దెబ్బతినొచ్చట. అప్పుడు కీలు మార్పిడి ఎలాగూ ఉంది.

ఇన్ఫెక్షన్ వల్ల అతకలేదేమోనని ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్త పరీక్షలు చేశారు. అవి బాగానే ఉన్నాయి. సుగర్ ఎక్కువగా, విటమిన్ డి బాగా తక్కువగా వచ్చాయి. ఆ రెండూ దారికి వచ్చేదాకా, సిగరెట్ పూర్తిగా మానేదాకా కత్తి పట్టనన్నారు. సిగరెట్ నెత్తురు నాళాలను ఇరుకు చేస్తుందట. ఆఖరిది కాల్చి ఈ రోజుకు 26 రోజులు. నమ్మకపోతే అమ్మను అడుగు. ఇప్పుడు నా జేబులు రోజూ తనే చూస్తోంది.

ఆపరేషన్ ఈ నెల 18న, కొత్తపేటలోనే. ఆ రోజుకు సెలవు పెట్టుకుని రావద్దు. ఇక్కడ బాబాయి ఉన్నాడు. తర్వాత ఆరు వారాలు పాదం నేలకు తాకించడమే గానీ బరువు మోపకూడదు. డిసెంబరు ఆఖర్న ఎక్స్‌రే తీస్తారు. నువ్వు అప్పుడు రా. డాక్టరుగారిని అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని తెచ్చుకో. నడవమని ఆయన చెబితే నీ చెయ్యి పట్టుకునే నడుస్తాను. ఈసారి నొప్పి వస్తే నొప్పి అనే చెబుతాను.

నాన్న