మీ కార్లలో మేం పోసిన బోరు నీళ్ల గురించి

ఉప్పల్‌లోని మా గ్యారేజీకి వచ్చే అందరికీ నమస్కారం. మా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పడానికి ఇది రాస్తున్నాను. అది బయటపడింది ఒక్క కారులోనే. కానీ అదే పని మీలో చాలామంది కార్లకు చేశాం.

రామంతాపూర్ నుంచి రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన చాలా ఏళ్లుగా మా దగ్గరికే వస్తారు. పన్నెండేళ్ల చిన్న కారు, ఎంతో శ్రద్ధగా చూసుకుంటారు. ఈ వానాకాలం మొదట్లో ఎడమవైపు ముందు సీటు దగ్గర కార్పెట్ తడుస్తోందని తెచ్చారు. వానలు మొదలైతే ఇలాంటి కార్లు మాకు వస్తూనే ఉంటాయి. ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రైన్ పైపు దుమ్ముతో మూసుకుపోతే ఆ నీళ్లు లోపలికే కారతాయి. పైపులోకి గాలి కొట్టి, కార్పెట్ ఆరబెట్టి పంపించాం. పది రోజులకు మళ్లీ తడి. మళ్లీ అదే పైపు శుభ్రం చేసి పంపించాం.

ఆ రెండోసారి ఆయన భార్య కూడా వచ్చారు. ఎడమ సీట్లో కూర్చునేది ఆవిడే. "ఏసీ వేస్తే పాకం కాగుతున్నట్టు తియ్యటి వాసన వస్తోంది బాబూ, చెప్పుల కింద జారుతోంది" అన్నారు. సీట్ల కింద సెంటు డబ్బా ఏదైనా ఒలికి ఉంటుందిలే అనుకున్నాను. జబ్బు ఏమిటో ఆవిడ స్పష్టంగా చెప్పారు. విని అర్థం చేసుకోవాల్సిన పని నాది, నేను చేయలేదు.

ఏసీ నీళ్లకు రంగు ఉండదు, వేళ్ల మధ్య రుద్దితే మామూలు నీళ్లే. కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం అయితే తియ్యటి వాసన వస్తుంది, వేళ్లకు జారుతుంది, తెల్ల టిష్యూ అద్దితే ఆకుపచ్చో ఎరుపో ఏదో ఒక రంగు అంటుతుంది. ముందు అద్దానికి లోపలివైపు పల్చటి జిడ్డు పొర పడుతుంది, గుడ్డతో తుడిచేకొద్దీ ఇంకా అలుముకుంటుంది. రాత్రి ఎదుటి బండి లైటు పడితే అద్దమంతా మసక. బానెట్ కింద ఎక్కడా చుక్క కారకపోయినా డబ్బాలో కూలెంట్ తగ్గిపోతూ ఉంటుంది. ఇవన్నీ కలిసి కనిపిస్తే మొదట అనుమానించాల్సింది హీటర్ కోర్‌ని.

హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డ్ వెనక ఉండే చిన్న రేడియేటర్. సైజు నోటుపుస్తకం అంత. మా పనిలో హీటర్ కాయిల్ అని కూడా అంటాం. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ ఒక హోస్ పైపులో వచ్చి, దీనిలో తిరిగి, రెండో పైపులో వెనక్కి పోతుంది. దీని రెక్కల మధ్యనుంచి ఫ్యాను గాలి కొడితే మనకు వేడి గాలి వస్తుంది. "హైదరాబాద్‌లో హీటర్ ఎవరు వేస్తారన్నా, వాడని వస్తువు ఎలా పాడవుతుంది?" అని అడుగుతారు. కొన్ని కార్లలో కూలెంట్‌ని ఆపే వాల్వు ఉంటుంది గానీ, చాలా కార్లలో మీరు హీటర్ వేసినా వేయకపోయినా కూలెంట్ దానిలో తిరుగుతూనే ఉంటుంది. మనం తిప్పే నాబ్ గాలిని మళ్లించే చిన్న తలుపును మాత్రమే కదుపుతుంది. మే నెలలో ఏసీ ఫుల్లుగా పెట్టుకుని ట్యాంక్‌బండ్ మీద వెళ్తున్నప్పుడు కూడా ఆ తలుపు వెనక 90 డిగ్రీల దాకా కాగిన కూలెంట్ తిరుగుతూ ఉంటుంది.

మూడోసారి కార్పెట్ తడిసినప్పుడు ఆయన మా దగ్గరికి రాలేదు. నేనే ఫోన్ చేస్తే, "మీరు రెండుసార్లు చూశారు కదా తమ్ముడూ, ఈసారి నేను చూసుకుంటా" అన్నారు. గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు అంత బాధ అనిపించేది కాదేమో.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాలుగు రోజులు కూర్చుని డాష్‌బోర్డ్ మొత్తం విప్పారు. ఐదో రోజు ఆయనే ఫోన్ చేసి ఒకసారి రమ్మన్నారు. వెళ్లేసరికి పాత దుప్పటి మీద ప్లాస్టిక్ ముక్కలన్నీ విప్పిన వరసలోనే పరిచి ఉన్నాయి. స్క్రూలు పెరుగు డబ్బాల్లో ఉన్నాయి. ప్రతి మూత మీదా మార్కర్‌తో "స్టీరింగ్ కింద 4", "గ్లోవ్ బాక్స్ 6, పొడుగువి 2" అని రాసుకున్నారు. వైర్ల సాకెట్లకు తెల్ల టేపు చుట్టి నంబర్లు వేశారు. ఏది విప్పినా ముందు ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. అన్నిటికన్నా ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసి, అది మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి కట్టేశారు. ఎయిర్‌బ్యాగ్ వైర్ల దగ్గరికి వెళ్లేముందు పావుగంట ఆగారట. ఆ జాగ్రత్త చాలా అవసరం, కరెంటు తీసేసిన తర్వాత కూడా ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో కాసేపు చార్జి నిలిచి ఉంటుంది. మరుసటి రోజు మా కుర్రాళ్లను తీసుకెళ్లి ఆ దుప్పటి, ఆ డబ్బాలు చూపించాను. ఇప్పుడు మా షాపులోనూ పెరుగు డబ్బాలే వాడుతున్నాం.

ఆయన ఆగిపోయింది కూడా ఆగాల్సిన చోటే. ఆ మోడల్‌లో హీటర్ కోర్, ఏసీ కూలింగ్ కాయిల్ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో ఉంటాయి. పెట్టె బయటికి రావాలంటే ఏసీ పైపులు విప్పాలి. వాటిలో గ్యాస్ ప్రెషర్‌తో ఉంటుంది. పానా పెట్టి అలాగే విప్పేస్తే గ్యాస్ తగిలినచోట చర్మం గడ్డకట్టి, కాలినట్టు పుండు పడుతుంది. కళ్లలో పడితే చూపుకే ప్రమాదం. గాలిలోకి వదిలేయడమూ తప్పే. కార్ల ఏసీల్లో వాడే ఆర్-134ఎ గ్యాస్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. మిషన్‌తో లాగి సిలిండర్‌లో పట్టుకోవాల్సిందే. కొన్ని కార్లలో ఈ గొడవే ఉండదు. కాళ్లు పెట్టుకునే చోట పక్కనున్న మూత తీసి కోర్‌ని బయటికి లాగేయొచ్చు. ఇంట్లో చేసుకుందాం అనుకునేవాళ్లు మీ కారు వీటిలో ఏ రకమో ముందు తెలుసుకోండి. ఒక పూట పనా, నాలుగు రోజుల పనా అన్నది అక్కడే తేలిపోతుంది.

గ్యాస్ మిషన్‌ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లాం. గ్యాస్ లాగాక పెట్టె బయటికి దించాం. మూత ఆయనే తీశారు. లోపల దుమ్ము, ఎండిపోయిన నిద్రగన్నేరు పూల పీచు, ముట్టుకుంటే పొడిగా రాలిపోయే పాత స్పాంజి. కోర్ ఒక మూలలో, రెక్కలు ట్యాంకును కలిసేచోట, ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొర ఉంది. రెండో గొట్టం మూసి, బకెట్ నీళ్లలో ముంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి పెడితే ఆ మూల నుంచి సన్నటి బుడగలు దారంలా పైకి లేచాయి. సూదిమొన అంత చిల్లు. అమ్మగారు కూడా కిందికి దిగి వచ్చి చూశారు, ఏమీ అనలేదు.

అసలు విషయం హోస్ పైపులో ఉంది. పాత పైపు వంచితే తుప్పు రంగు నీళ్లు, వాటితో పాటు ఇసకలాంటి తెల్ల పొడి పడ్డాయి. బోరు నీళ్లు కాచే గీజర్ కాయిల్ మీద గట్టిపడే తెల్ల పొర మీ అందరికీ తెలిసిందే, ఇదీ అదే. "నేనెప్పుడూ నీళ్లు పోయలేదు తమ్ముడూ" అన్నారాయన. షాపుకు వచ్చి పాత రిజిస్టర్లు తిరగేశాను. గత రెండు ఎండాకాలాల్లో ఆయన కారు నంబరు ఎదురుగా ఐదుసార్లు రాసి ఉంది: "నీళ్లు టాప్‌అప్, ఫ్రీ". నీళ్లు మా షాపు బోరువి. ఆ రాత నాది.

కూలెంట్ అంటే రంగు నీళ్లు అనుకోవద్దు. ఇథిలిన్ గ్లైకాల్ అనే ద్రవంతో పాటు లోహాన్ని తుప్పు తినేయకుండా కాపాడే మందులు అందులో కలిసి ఉంటాయి. మామూలు నీళ్లు కలిపిన ప్రతిసారీ వాటి బలం తగ్గుతుంది. పైగా మన బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి గొట్టాల లోపల పొరగా అతుక్కుంటాయి. కోర్‌లోని గొట్టాలు బాగా సన్నవి, అందుకే దెబ్బ తొందరగా తగులుతుంది. పన్నెండేళ్ల కారు కాబట్టి ఎలాగైనా పోయేదేమో అని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. రిజిస్టర్ చూశాక మాత్రం ఆ మాట నా నోటికి రాలేదు. మా దగ్గర ఎవరు ఆగినా కూలెంట్ తగ్గితే పైసా తీసుకోకుండా నీళ్లు పోసి పంపడం మంచిపనే అనుకుంటూ వచ్చాను. అసలు ఎందుకు తగ్గిందో చూడలేదు.

కొత్త కోర్ రాణీగంజ్‌లో తెచ్చాం. దాని ఖరీదు, కూలెంట్ ఖరీదు ఆయన ఇచ్చారు. లేబర్ మేం తీసుకోలేదు. డ్రైన్ పైపు శుభ్రం చేసినందుకు రెండుసార్లు తీసుకున్న డబ్బు వెనక్కి ఇచ్చేశాం. కోర్ చుట్టూ కొత్త స్పాంజి అంటించాం. అది లేకపోతే గాలి పక్కల నుంచి తప్పించుకుంటుంది. పైపు జాయింట్లలో పాత ఓ-రింగులు (గుండ్రటి రబ్బరు వాషర్లు) తీసేసి కొత్తవి కూలెంట్‌లో తడిపి వేశాం. కోర్ పెట్టకముందే ఇంజిన్, రేడియేటర్ లోపలంతా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాం. తేట నీళ్లు రావడానికి నాలుగుసార్లు పట్టింది.

ఇంట్లో చేసేవాళ్లకు నా ఒక్క విన్నపం. డాష్‌బోర్డ్ బిగించే ముందు ప్రెషర్ టెస్ట్ చేయండి. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అది బార్‌లలో ప్రెషర్ లెక్క. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత స్థానంలో టెస్టర్ పెట్టి గాలి అంతవరకే కొట్టండి, మించకూడదు. ఇరవై నిమిషాలు ముల్లు కదలకపోతే అప్పుడు ప్లాస్టిక్ ముక్కలు ఎక్కించడం మొదలుపెట్టండి. ఆయన ఆ ముల్లు వైపే చూస్తూ స్టూలు మీద ఇరవై నిమిషాలూ కూర్చున్నారు. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపాం. ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే కారును ర్యాంప్ ఎక్కించి గేటు బయట పెట్టాం, ఎందుకంటే సెల్లార్‌లో ఇంజిన్ నడిపితే ఆ పొగ ప్రాణం తీస్తుంది. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచితే గాని లోపల చిక్కుకున్న గాలి పోలేదు. మర్నాడు పొద్దున చల్లారాక డబ్బా చూసి కొంచెం కలిపాం. ఏసీకి వాక్యూమ్ పట్టి గ్యాస్ నింపడం మా పని, అది ఆ సాయంత్రమే అయింది.

లీకు పూడ్చే పొడులు కొని పోయకండి. అవి లీకుతో పాటు ఈ సన్నటి గొట్టాలనూ మూసేయొచ్చు. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే బానెట్ కింద రెండు హోస్‌లనూ కలిపేసి కోర్‌ని తప్పించే బైపాస్ చేసిస్తాం. ఊళ్లో తిరగడానికి ఇబ్బంది ఉండదు. చలికాలం తెల్లవారుజామున అనంతగిరి వైపు వెళ్తే మాత్రం పొగమంచుకి అద్దం మసకబారితే వేడి గాలి ఉండదు, ఏసీతోనే సర్దుకోవాలి. ఈ సంగతి బిల్లు మీద రాసి ఇస్తాం, తర్వాత కారు ఎవరికైనా అమ్మితే వాళ్లకూ తెలియాలి కదా.

ఇకపైన మా షాపులో ఏ కారులోనూ బోరు నీళ్లు పోయం. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ ఎప్పుడూ ఉంచుతున్నాం, కొన్న ధరకే పోస్తాం. దారిలో బండి వేడెక్కి వేరే దిక్కు లేకపోతే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఏ నీళ్లు దొరికితే అవి పోసుకుని ఇంటికి చేరండి, తర్వాత కడిగించుకోవచ్చు. కార్పెట్ తడి అని ఎవరు వచ్చినా డ్రైన్ పైపుతో పాటు ప్రెషర్ టెస్ట్ కూడా చేస్తాం. హీటర్ కోర్ పని ఒకసారికి ఒకే కారు తీసుకుంటాం, డాష్‌బోర్డ్ విప్పాల్సినదైతే మూడు రోజులు అడుగుతాం. రేపే కావాలంటే చేయలేం అని ముందే చెప్తాం. మీరే ఇంట్లో చేసుకుంటామంటే సంతోషం. గ్యాస్ లాగడానికి, ప్రెషర్ టెస్ట్‌కి పిలవండి, వస్తాం. మాకు ఇవ్వలేదని మొహమాటపడొద్దు. తీసిన పాత కూలెంట్‌ని మాత్రం మోరీలో పారబోయకండి. తియ్యగా ఉంటుందని వీధికుక్కలు నాకుతాయి, కొంచెం లోపలికి పోయినా వాటి కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. పిల్లలకూ అంతే ప్రమాదం. మూత ఉన్న క్యాన్‌లో పోసి మాకు తెచ్చివ్వండి.

గత రెండేళ్ల రిజిస్టర్లలో "నీళ్లు టాప్‌అప్" అని రాసి ఉన్న ప్రతి కారు నంబరూ వేరే పుస్తకంలో ఎక్కిస్తున్నాం. ఈ సోమవారం నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. ఆ కార్లకు ప్రెషర్ టెస్ట్, లోపల కడగడం మా ఖర్చే, మీరు కూలెంట్ డబ్బులిస్తే చాలు. ఫోన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, మీకు గుర్తుంటే నేరుగా రండి. వేడిగా ఉన్న ఇంజిన్ మీద మూత తీయలేం కాబట్టి ముందురోజు రాత్రే కారు మా దగ్గర వదిలి వెళ్లండి, పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడతాం.