సీనియర్ లివింగ్ ఒప్పందాలపై ఓ కన్నేయండి

వయోవృద్ధుల సంక్షేమ శాఖ డైరెక్టర్ గారికి నమస్కారం.

పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఇక్కడ. అందుకే హైదరాబాద్ శివార్లలో ‘సీనియర్ లివింగ్’ బోర్డులు పెరుగుతున్నాయి. మా పెద్దమ్మ కోసం ఒకచోట అడిగాం. గుడి, వాకింగ్ ట్రాక్, ఉప్పు తగ్గించిన భోజనం, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు, అన్నీ చూపించారు. మంచాన పడితే ఎవరు చూస్తారంటే మాత్రం ‘అప్పుడు చూద్దాం లెండి’ అన్నారు. డిపాజిట్ ఎంత తిరిగిస్తారో, నెలవారీ చార్జీ ఏటా ఎంత పెంచుతారో ఒప్పందంలో లేదు. లక్షలు పోసే చోట ఇదేం పద్ధతండీ?

కేంద్రం 2019లోనే ఇలాంటి రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఇక్కడ తప్పనిసరి చేయించండి.

డబ్బు లేనివాళ్ల మాట? జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడా ఆశ్రమాలు పెట్టడానికి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షన్ వీలిస్తోంది. ఏ జిల్లాలో ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయో వెబ్‌సైట్‌లో పెట్టించండి.

ఇట్లు,
ఒక హైదరాబాద్ వాసి